బెణికిన కాలు, నిలకడ సాధన
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈసారి మేము మాట్లాడబోయే విషయం వినగానే కొందరు నవ్వారు. ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి, "కిడ్నీ జబ్బులున్నాయి, గుండె జబ్బులున్నాయి, క్యాన్సర్ ఉంది. కాలు బెణికిన దానికి సభ పెట్టి చెప్పాలా బేటా?" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. మేమూ మొన్నమొన్నటిదాకా అలాగే అనుకున్నాం. ఎందుకు మనసు మార్చుకున్నామో ముందు అది చెబుతాం.

మన సొసైటీలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి మందుల పద్దు, ఇంకొకటి రేషను, ఇంటి అద్దెల పద్దు. ఒక తమ్ముడి పేరు రెండో పుస్తకంలో మూడుసార్లు వచ్చింది. మొదటి పుస్తకంలో ఒక్కసారి కూడా లేదు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కింద పని. నైట్ షిఫ్టులో రాళ్ళ మీద అడుగు పడి కుడికాలు లోపలికి మడత పడింది. ఇంటికొచ్చి వేడినూనెతో మాలిష్ చేయించుకున్నాడు, కాపడం పెట్టించుకున్నాడు. కాలు బూరెలా పొంగింది. పది రోజులకు వాపు సగం తగ్గగానే పనికి పోయాడు. పనికి పోకపోతే ఆ రోజు కూలి రాదు కాబట్టి పోయాడు. రెండు నెలలకు అదే కాలు మళ్ళీ మడత పడింది. ఆ తరువాత ఒక రోజు, పనిలో కూడా కాదు, ఇంటి ముందు మోరీ దాటుతుంటే మూడోసారి పడి చెయ్యి విరిగింది.

మూడుసార్లూ మేము బియ్యం, పప్పు, నూనె పంపించాం. రెండు నెలల అద్దె కట్టాం. "కాలెలా ఉంది?" అని మాత్రం ఎవరమూ అడగలేదు. ఇది మా లోపమని ఇంత మంది ముందు ఒప్పుకుంటున్నాం. ఆ తరువాత రెండో పుస్తకం ముందేసుకుని కూర్చుని, రేషను తీసుకున్న ఇళ్ళకు పోయి అడిగితే, కాలు బెణికి పని పోయిన ఇళ్ళు ఇంకా ఉన్నాయని తెలిసింది. ఆటో నడిపేవాళ్ళు, మేస్త్రీల దగ్గర కూలీలు, కూరగాయల బండి తోసే ఒక చాచా. మనం ఇస్తున్న రేషనులో కొంత కాళ్ళ కోసమే ఇస్తున్నామని, ఆ కాళ్ళను ఎవరూ చూడడం లేదని అప్పుడు అర్థమైంది.

మన ప్రాంతం గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? ఇల్లెందులో 1889లో తవ్వకం మొదలైనప్పటి నుంచి సింగరేణి పేరు బొగ్గుకు మారుపేరైంది. గోదావరిఖనిలో ఏ ఇంటి తలుపు తట్టినా బాయి దిగిన మనిషి ఒకరుంటారు, లేకపోతే దిగిన మనిషి కొడుకుంటాడు. ఎన్టీపీసీ, ఎరువుల ఫ్యాక్టరీ, వాటి చుట్టూ కాంట్రాక్టు పనులు. ఇక్కడ సమతలం మీద నడిచే బతుకులు తక్కువ. ఇంక్లైన్‌లో దిగుడు, ఎక్కుడు. కాలి కింద పట్టాలు, స్లీపర్లు, తాళ్ళు, బొగ్గు పెళ్ళలు, నీళ్ళు, బురద. ఓపెన్‌కాస్టులో ఎత్తుపల్లాల మట్టి రోడ్లు, డంపరు మెట్లు. ఆ మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టు నుంచి దూకడం మనవాళ్ళ అలవాటు. దూకిన చోట రాయి ఉంటే అంతే.

ఇప్పుడు కాలి సంగతి. చీలమండ బయటి పక్కన పొడుచుకు వచ్చిన ఎముకను ఒకసారి చేత్తో ముట్టుకోండి. దాని ముందు నుంచి, కింద నుంచి, వెనక నుంచి మూడు పట్టీలు పాదం ఎముకలకు కట్టి ఉంటాయి. వాటినే లిగమెంట్లంటారు. మనవాళ్ళు "నరం తప్పింది" అంటారు కానీ తప్పేది నరం కాదు, సాగేదో చినిగేదో ఈ పట్టీ. పాదం ముందుకు వాలి, అరికాలు లోపలికి తిరిగినప్పుడు బరువంతా ముందున్న పట్టీ మీద పడుతుంది. బెణుకుల్లో ఎక్కువగా దెబ్బ తినేది అదే. కొంచెం సాగితే ఒక రకం, సగం చినిగితే ఒక రకం, పూర్తిగా తెగితే మరో రకం. మొదటి రకం రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. మూడో రకానికి నెలలు పడుతుంది.

ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ పట్టీలు వట్టి తాళ్ళు కావు. వాటిలోనూ, కీలు చుట్టూ ఉన్న కండరాల్లోనూ సన్నని నరాల కొసలుంటాయి. పాదం ఏ వంకకు ఒరిగిందో, ఎంత వేగంగా ఒరుగుతోందో క్షణక్షణం మెదడుకు కబురు పంపేవి అవే. కబురు అందగానే కాలి బయటి కండరాలు బిగిసి పాదాన్ని నిలబెడతాయి. ఈ పని మనకు తెలియకుండానే జరిగిపోతుంది. పట్టీ చినిగినప్పుడు ఈ కబురు వ్యవస్థ కూడా చెడిపోతుంది. వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, పట్టీ అతుక్కుంటుంది. కబురు మాత్రం ఆలస్యంగా, తప్పుగా పోతుంటుంది. అందుకే ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. ఈ సంగతిని ఇంగ్లండ్‌లో ఫ్రీమన్ అనే ఎముకల సర్జన్ 1965లోనే రాసి, కదిలే చెక్క మీద రోగుల్ని నిలబెట్టి సాధన చేయించారు. అరవై ఏళ్ళు గడిచినా ఆ మాట మన గల్లీలదాకా రాలేదు.

మనిషి పడిపోకుండా నిలబడడానికి మూడు ఆధారాలు. కళ్ళు, చెవి లోపలి భాగం, పాదాల కీళ్ళ నుంచి వచ్చే కబురు. ఒకటి తగ్గితే మిగతా రెండూ ఆ లోటు పూడుస్తాయి. కాలి కబురు చెడినవాడు పగటిపూట చదును రోడ్డు మీద బాగానే నడుస్తాడు. కళ్ళు కాపాడుతుంటాయి కదా. డాక్టరు గదిలో పది అడుగులు వేసి చూపించి "బాగైంది సార్" అంటాడు. ఇప్పుడు అదే మనిషిని బాయిలోకి దింపండి. అక్కడ వెలుగంటే టోపీకి ఉన్న దీపం ఒక్కటే. దీపం తల ఎటు తిరిగితే అటు చూపిస్తుంది, పాదం ఎక్కడ పడుతోందో చూపించదు. అంటే బాయి మనిషికి కళ్ళ సాయం సగం పోయినట్టే. కాలి కబురు మీదనే అతను నడవాలి. హైదరాబాద్‌లో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగికి కాలు బెణకడానికి, మన మనిషికి బెణకడానికి తేడా ఇక్కడుంది. ఈ ఒక్క మాట మీరు గుర్తుంచుకుంటే మేమిక్కడికి వచ్చిన పని సగం అయినట్టే.

మొదటి మూడు రోజుల్లో ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో చెబుతాం. కాలు మడత పడగానే మొదట తేల్చుకోవలసింది ఎముక విరిగిందా లేదా అన్నది. దీనికి కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి ప్రకటించారు, ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. దెబ్బ తగిలిన వెంటనే, మళ్ళీ ఆసుపత్రిలో డాక్టరు చూసేటప్పుడు, రెండుసార్లూ నాలుగడుగులు వేయలేకపోతే ఎక్సరే తీయాలి. కుంటుతూ వేసినా అడుగు కిందే లెక్క. చీలమండ రెండు పక్కల పొడుచుకొచ్చిన ఎముకల కొసన, వెనక అంచున నొక్కితే నొప్పి ఉంటే తీయాలి. పాదం బయటి అంచు మధ్యలో ఉండే ఎముక బొడిపె మీద, లోపలి పక్క పాదం వంపు పైన ఉన్న ఎముక మీద నొక్కితే నొప్పి ఉన్నా తీయాలి. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండడం చాలా అరుదు. చిన్నపిల్లల సంగతి వేరు. వాళ్ళ ఎముకల కొసలు ఇంకా పెరుగుతుంటాయి కాబట్టి బెణుకని మనకు మనం తేల్చుకోకుండా డాక్టరుకు చూపించాలి. షుగరు ముదిరి కాళ్ళకు స్పర్శ తగ్గినవాళ్ళూ అంతే, నొప్పి లేదు కదా అని విరిగిన కాలితో నడుస్తారు.

నొప్పి తగ్గకుండా వారాలు సాగినా చూపించాలి. పి.వి. సింధు 2022 కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచింది, మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. ఎడమకాలి నొప్పితోనే ఆడింది. తరువాత చూస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నని పగులు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుని, మళ్ళీ కోర్టులోకి దిగింది 2023 జనవరిలో. వెనక డాక్టర్లు, ఫిజియోలు ఉన్న అమ్మాయికే అన్ని నెలలు పట్టింది. మన తమ్ముడు పది రోజులకు పనికి పోయాడు.

ఎముక విరగలేదని తేలాక చేయవలసినవి తేలికే. కాలికి విశ్రాంతి. గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండ్ల మీద కాలు. పాదం వేళ్ళ దగ్గర నుంచి పైకి క్రేప్ బ్యాండేజీ. వేళ్ళు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. నొప్పి ఎక్కువగా ఉంటే గుడ్డలో చుట్టిన మంచు పది పదిహేను నిమిషాలు, చర్మానికి నేరుగా తగలకుండా. స్పర్శ లేని షుగరు కాళ్ళకు మంచు పెట్టవద్దు. కర్ర వాడితే బాగున్న కాలి వైపు చేతిలో పట్టాలి. చాలామంది దెబ్బ తగిలిన వైపే పడతారు, సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు.

చేయకూడనిది మాలిష్. మా అమ్మలు, నానీలు ప్రేమతో చేసిన మాలిషే మన కాళ్ళకు ఎక్కువ చెరుపు చేసింది, కోపగించుకోకండి. తాజాగా చినిగిన చోట రుద్దితే, వేడి తగిలిస్తే లోపల రక్తం ఇంకా ఊరి వాపు పెరుగుతుంది. పసుపు పట్టు వేసుకుంటామంటే మేము అడ్డు చెప్పం, మెత్తగా వేసుకోండి. కాలు పట్టి "నరం సరిచేస్తా" అని గుంజేవాళ్ళ దగ్గరికి మాత్రం పోవద్దు. కట్టు కట్టేవాళ్ళ మీద మాకు అగౌరవం లేదు. పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో మనుషులు పోతారు. మేము అడ్డుకునేది నెల రోజులు విప్పకుండా ఉంచే కట్టును. బాగా చినిగిన బెణుకుకు పది రోజులు మోకాలి కింది వరకు గట్టి కట్టు వేస్తే మొదటి మూడు నెలల్లో మేలు కనిపించిందని ఇంగ్లండ్‌లో 584 మంది మీద చేసిన పరిశీలన 2009లో వచ్చింది. తొమ్మిది నెలలకు చూస్తే కట్టు వేసినవాళ్ళు, వేయనివాళ్ళు సమానమే. పది రోజుల కట్టు వేరు, నెల రోజుల కట్టు వేరు. నెల రోజులు కదలని కీలు బిగుసుకుపోతుంది, పిక్క సన్నబడుతుంది, ఇందాక చెప్పిన కబురు ఇంకా మొద్దుబారుతుంది.

రెండో రోజో మూడో రోజో నొప్పి ఓర్చుకోగలిగినంతలో పాదం కదిలించడం మొదలుపెట్టాలి. పడుకునే పాదాన్ని ముందుకు, వెనక్కు. తరువాత బొటనవేలితో గాలిలో అక్షరాలు రాయడం. దీని మీద ఒక చిన్న ముచ్చట. మా దగ్గరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు ఒక కుర్రాడితో "అలిఫ్ బే తే రాయి, నీకు వచ్చు కదా" అన్నాడు. పక్కనున్న పెద్దాయన లేచి, కాలితో ఆ అక్షరాలు రాయడం అదబు కాదన్నారు. నిజమే. అప్పటి నుంచి మా గదిలో అందరూ అంకెలు రాస్తున్నారు, ఒకటి నుంచి ఇరవై దాకా. ఆ ఫిజియో కూడా ఒప్పుకున్నాడు, ఎనిమిది అంకె వేస్తే పాదం నాలుగు వైపులా తిరుగుతుందట.

తరువాత బలం. బయటి కండరాలకు బలం రావాలి, పాదం లోపలికి ఒరిగితే లాగి నిలబెట్టేవి అవే. దీనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు ముక్క మంచం కోడుకు కట్టి, పాదానికి తగిలించి బయటికి లాగాలి, మెల్లగా వదలాలి. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మొదట రెండు కాళ్ళతో, తరువాత ఒంటి కాలితో. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకు తాకించడం. బొటనవేలు గోడకు ఎంత దూరంలో ఉంటే తాకగలుగుతున్నారో బాగున్న కాలితో, బాగు కావలసిన కాలితో కొలిచి చూసుకోండి. రెండూ సమానమయ్యేదాకా దిగుడు నడవొద్దు. ఇంక్లైన్ దిగే మనిషికి ఈ వంగుడు లేకపోతే మిగతా బలం ఎంత ఉన్నా కాలు జారుతుంది.

ఇక్కడ నమాజు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఖాదాలో మనం ఎడమ పాదం పరిచి దాని మీద కూర్చుంటాం, కుడి పాదం నిలబెడతాం. ఎడమ పాదం పరిచినప్పుడు అది ఏ వంకకు తిరుగుతుందో గమనించండి. కాలు బెణికేటప్పుడు తిరిగిన వంక కూడా అదే. అంటే ఎడమకాలు బెణికినవాడు రోజుకు ఐదుసార్లు, ఇంకా మాననప్పుడే ఆ పట్టీని సాగదీస్తున్నాడు. కుడికాలు బెణికితే వేళ్ళ మీద నిలబెట్టలేడు, సజ్దా నుంచి లేచేటప్పుడు ఆ కాలి మీద బరువు వేయలేడు. నిలబడలేనివాడు కూర్చుని చదవవచ్చని దీన్‌లో వెసులుబాటు ఉన్న సంగతి మీకు మేము చెప్పాలా? మీ ఇమాం సాబ్‌ను అడగండి, కుర్చీయా, కాళ్ళు చాపుకోవడమా, మీకు ఎంతవరకు సరిపోతుందో ఆయన చెబుతారు. పౌరుషానికి పోయి వెనకటి సఫ్‌లో పళ్ళ బిగువున కూర్చునేవాళ్ళను మేము చూశాం. కొన్ని వారాలకు ఖాదాలో నొప్పి లేకుండా కూర్చోగలిగితే, కీలు కదలిక తిరిగి వచ్చిందనడానికి అంతకంటే మంచి గుర్తు మాకు తెలియదు.

వుజూ దగ్గర ఇంకో ప్రమాదముంది. నల్లా కింద ఒక కాలు ఎత్తి పెట్టి, తడి టైల్సు మీద ఇంకో కాలి మీద నిలబడతాం. బాగున్న కాలు కడిగేటప్పుడు నిలబడేది దెబ్బతిన్న కాలి మీదే. వుజూ అరుగు మీద కూర్చుని కడుక్కోండి. అరుగు లేని మస్జిదులలో నాలుగు స్టూళ్ళు వేయించడం దాతలకు పెద్ద పని కాదు.

ఇక అసలైన నిలకడ సాధన. నొప్పి లేకుండా రెండు కాళ్ళ మీద బరువు వేయగలిగిన రోజు నుంచి మొదలుపెట్టవచ్చు. గోడ పక్కనే నిలబడాలి, పడబోతే పట్టుకోవడానికి. ముందు ఒక పాదం వెనక మరో పాదం, మడమకు వేళ్ళు తాకేలా. తరువాత ఒంటి కాలి మీద, ముప్పై సెకన్లు. ఇది తేలికయ్యాక కళ్ళు మూసుకుని. ఇక్కడే సంగతి బయటపడుతుంది. కళ్ళు తెరిచి నిమిషం నిలబడినవాడు, కళ్ళు మూయగానే అయిదు సెకన్లకు గోడ పట్టుకుంటాడు. మేము చెప్పిన తమ్ముడు కూడా అంతే. అతని ముఖం మాకింకా గుర్తుంది. "ఇదేంది భాయ్, కాలు నాది కానట్టుంది" అన్నాడు. బాయిలో దీపం ఒకవైపు, పాదం ఒకవైపు ఉన్నప్పుడు అతని కాలు చేస్తున్న పని అదే. గోడ పక్కన చూశాడు కాబట్టి బతికిపోయాడు.

కళ్ళు మూసుకుని నిలబడడం వచ్చాక నేల మెత్తబడాలి. నాలుగు మడతలు పెట్టిన జంపఖానా మీద, తరువాత దూది దిండు మీద. ఆ తరువాత కదిలే చెక్క. పదహారు అంగుళాల గుండ్రటి మందపాటి ప్లైవుడ్ పలక, దాని అడుగున నడిమధ్య చెక్క గుండు సగం బిగిస్తే చాలు. మన వడ్రంగి ఒక పూటలో చేశాడు. మొదటి చెక్కకు గుండు మరీ ఎత్తు పెట్టాడు, మాలో ఒకరు దాని మీది నుంచి జారి అందరి ముందు పడ్డారు, ఎవరో చెప్పం. రెండోది సరిగ్గా వచ్చింది. చెక్క మీద నిలబడగలిగితే, ఒకరు బంతి విసురుతుంటే పట్టుకోవాలి, అప్పుడు దృష్టి కాలి మీద ఉండదు. ఒంటి కాలి మీద నిలబడి రెండో కాలి వేళ్ళతో ముందుకు, వెనక పక్కలకు వీలైనంత దూరం అందుకోవాలి. చివరికి చిన్న చిన్న గెంతులు, కంకర మీద నడక, మెట్లు దిగడం.

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట మించకుండా, ఎనిమిది వారాలు. ఈ లెక్క మేము కల్పించింది కాదు. నెదర్లాండ్స్‌లో కాలు బెణికిన 522 మంది క్రీడాకారులను రెండు గుంపులు చేశారు. అందరికీ మామూలు చికిత్స జరిగింది. ఒక గుంపుకు మాత్రం ఇంట్లో, ఎవరూ పక్కన లేకుండా, ఎనిమిది వారాలు ఇలాంటి సాధన ఇచ్చారు. ఏడాదిలో మళ్ళీ బెణికినవాళ్ళు సాధన చేయని గుంపులో 33 శాతం, చేసిన గుంపులో 22 శాతం. 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. చేసినవాళ్ళలోనూ అయిదుగురిలో ఒకరికి మళ్ళీ బెణికింది కదా అని మీరు అడగవచ్చు. అవును, ఇది తావీజు కాదు. కానీ మళ్ళీ బెణికే ముగ్గురిలో ఒకరి బెణుకు తప్పించడానికి అయిన ఖర్చు ఎంతో చూడండి. ఒక చెక్క, ఒక దిండు, ఒక గోడ. ఇన్ని తక్కువ వస్తువులతో ఇంత మేలు చేసే వైద్యం మాకింకొకటి కనిపించలేదు.

మానేయడం పెద్ద సమస్య. నొప్పి మూడో వారానికి పోతుంది, సాధన ఎనిమిదో వారం దాకా ఉండాలి. నొప్పి లేని కాలికి అరగంట ఎవరిస్తారు? మేము మొదలుపెట్టినప్పుడు మూడో వారం తరువాత గది ఖాళీ అయ్యేది. తరువాత ఇంటివాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాం. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటి కాలి మీద నిలబెట్టండి, పిల్లలు సెకన్లు లెక్కపెట్టాలి అని. పిల్లలు వదలరు. అబ్బా ఇరవైకే కాలు దించితే ఇల్లంతా గోల.

పనికి ఎప్పుడు పోవచ్చు? తేదీ చూసి కాదు, కాలు చూసి. దెబ్బతిన్న కాలి మీద పదిసార్లు నొప్పి లేకుండా గెంతగలగాలి. కళ్ళు మూసుకుని రెండు కాళ్ళూ ఇంచుమించు ఒకేలా నిలబడాలి. దిగుడు రోడ్డు మీద పక్కవాడితో మాట్లాడుతూ నడవగలగాలి. మొదటి కొన్ని నెలలు పనిలో తాళ్ళతో బిగించే చీలమండ బ్రేసు వేసుకోవాలి. రబ్బరు గమ్‌బూట్లు నీళ్ళను ఆపుతాయి కానీ చీలమండను పట్టుకోవు, వదులుగా ఉంటాయి. తోలు బూటు ఇచ్చిన చోట లేసులు పైదాకా కట్టండి. తీసేయడం తేలికని సగం వరకే కట్టేవాళ్ళు ఎందరో. పర్మినెంటు కార్మికులకు కంపెనీ ఆసుపత్రి ఉంది. అక్కడ ఫిజియోథెరపీ రాసిస్తే సిగ్గుపడకుండా పూర్తిగా చేయించుకోండి. ఫిజియోథెరపిస్టంటే కాళ్ళు పిసికేవాడు కాడు. నాలుగేళ్ళు చదివి, ఆరు నెలలు ఆసుపత్రిలో పని నేర్చుకుని వచ్చిన మనిషి.

అక్కాచెల్లెళ్ళ గురించి ఒక మాట. మా పుస్తకంలో ఆడవాళ్ళ కాళ్ళు అసలు లేవు. బెణకలేదని కాదు, ఎవరూ చెప్పలేదు. బట్టలుతికే తడి గచ్చు, డాబా మెట్లు, బురఖా అంచు కాలి కింద పడడం, వాళ్ళ బాయి ఇంట్లోనే ఉంది. ఒక ఆపా ఆరు నెలలు చీలమండ వాపుతోనే వంట చేసింది. మగ ఫిజియో దగ్గరికి రానన్నది, ఆమె మాట మేము గౌరవించాం, కానీ ఆడ ఫిజియోను తేలేకపోయాం. ఈ ఏడు వారానికి ఒక మధ్యాహ్నమైనా ఒక సోదరి వచ్చేలా ఏర్పాటు చేయాలని మా కోరిక.

చివరగా డబ్బు సంగతి, దాతలకు సూటిగా. జకాత్ పైసలతో ఈ గది నడుపుతామని మేము అనుకున్నాం. ఉలమాలను అడిగితే హనఫీ మస్‌లక్ ప్రకారం జకాత్‌లో తమ్లీక్ ఉండాలన్నారు, అంటే హక్కుదారుడి చేతికి సొత్తుగా ఇవ్వాలి. గది అద్దె, ఫిజియో జీతం, అందరూ వాడే చెక్కలు, కర్రలు జకాత్‌లో రావు. పేద కార్మికుడికి బ్రేసు కొని అతనిదే అని ఇచ్చేస్తే అది వస్తుంది. సాధన చేసే ఎనిమిది వారాల్లో అతను పోగొట్టుకునే కూలికి సాయం అతని చేతికే ఇస్తే, అదీ వస్తుంది. కాబట్టి మీరు రాసే కవరు మీద జకాత్ అని, లిల్లాహ్ అని వేరుగా రాయండి. రెండు డబ్బాలు తలుపు దగ్గర పెట్టాం. గదికి లిల్లాహ్ పైసలు తక్కువపడుతున్నాయి, ఈసారి ఆ డబ్బా మీద కొంచెం ఎక్కువ దృష్టి పెట్టమని మా మనవి.

ఆ తమ్ముడి సంగతి అడుగుతారని తెలుసు. చెయ్యి అతుక్కుంది. కాలికి ఏడో వారం నడుస్తోంది. కళ్ళు మూసుకుని ఇరవై రెండు సెకన్లు నిలబడుతున్నాడు, ముప్పై రావాలి. పనికి ఇంకా పోలేదు. ఈ నెల అద్దె మనమే కట్టాం, ఈసారి పద్దు మొదటి పుస్తకంలో రాశాం.

బయట అరుగు మీద రెండు చెక్కలు పెట్టాం. భోజనాలకు ముందు ఒకసారి నిలబడి చూడండి, మా కార్యకర్తలు పక్కనే ఉంటారు. చెప్పులు విప్పి ఎక్కండి.